బరువు పోయింది... చర్మం మిగిలింది!

మాకు తెలిసినావిడ ఒకరు సొంత మేనకోడలి పెళ్లికి వెళ్లకుండా ఆగిపోయారు. ఒంట్లో బాగాలేకా అంటే కాదు. నిజానికి ఇరవయ్యేళ్లలో ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉన్నారావిడ. బరువు తగ్గించే సర్జరీ చేయించుకుని ఏడాదిన్నర అయింది. 118 కిలోల మనిషి 70కి వచ్చారు. మోకాళ్లు మొరాయించడం లేదు. షుగరు మాత్రలు సగానికి సగం తగ్గాయి. మరెందుకు వెళ్లలేదంటే... అంతకు ముందు ఓ గృహప్రవేశానికి ఎంతో ముచ్చటపడి షిఫాన్ చీర కట్టుకెళ్లారట. భోజనాల దగ్గర ఓ పెద్దావిడ ప్రేమగా చెయ్యి పట్టుకుని 'ఎన్నో నెలమ్మా?' అని అడిగిందట. మనావిడకి 46 ఏళ్లు!

అడిగినావిడ ఏదో మంచి మాటే అనుకుని అడిగి ఉంటుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నతో 48 కిలోలు తగ్గిన ఆనందం కాస్తా ఆవిరైపోయింది. అంతకు ముందు లావుగా ఉన్నప్పుడైనా ఏ చీరకట్టాలో, ఏ జాకెట్టు కుట్టించుకోవాలో తెలుసు. ఇప్పుడు చేతులు సన్నబడ్డాయి, ముఖం సన్నబడింది, మెడ ఎముకలు కనపడుతున్నాయి. పొట్ట దగ్గర మాత్రం చర్మం మడతపడి, ఒళ్లో వాలిన చీర కుచ్చెళ్లలా వేలాడుతోంది. ఈ ఒంటికి ఏం కట్టాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందు ఏం తినాలో, ఎన్ని గంటలకి ఏ మాత్ర వేసుకోవాలో రాసిచ్చిన కాగితంలో ఆ సంగతే లేదు మరి.

2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఈ తరహా సర్జరీలు చేయించుకున్నప్పుడు పత్రికల్లో వార్తలొచ్చాయి. అప్పట్నుంచీ మన ఊళ్లలోనూ వీటి గురించి తెలియనివాళ్లు తక్కువే. 'అప్పుడు... ఇప్పుడు' అంటూ పక్కపక్కనే పెట్టే ఫొటోలూ చూస్తూనే ఉన్నాం. ఆ రెండో ఫొటోలో చొక్కా కింద, చీర మడతల్లో ఏముందన్నది మాత్రం ఫొటోలో పడదు. ఈ వారం మన కబుర్లు దాని గురించే.

పొట్ట కాదు... చర్మం!

ముందుగా ఒక అపోహ తీసేసుకుందాం. 'ఇంత తగ్గావు, ఆ పొట్ట కూడా కాస్త వ్యాయామం చేసి తగ్గించెయ్యరాదూ' అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అది తగ్గాల్సిన కొవ్వయితే తగ్గేది. చాలావరకూ అది ఖాళీ చర్మం. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో దాదాపు మూడొంతుల పైనే తీసేస్తారు. బైపాస్‌లో అయితే చిన్న సంచిలా చేసి పేగుకి కలుపుతారు. రెండిట్లోనూ మొదటి ఏడాది, ఏడాదిన్నరలోనే ఎక్కువ బరువు పోతుంది. అంత వేగంగా లోపలి సరుకు ఖాళీ అయిపోతే పైనున్న సంచి ముడుచుకోవద్దూ?

ముడుచుకోలేదు. చర్మంలో సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చే గుణం ఎలాస్టిన్ అనే పోగుల వల్ల వస్తుంది. పది పదిహేనేళ్లు అదేపనిగా సాగిన పోగులు దెబ్బతింటాయి. పాత గౌను నడుముకి ఉండే ఎలాస్టిక్‌ని గుర్తుచేసుకోండి. ఒకసారి వదులైపోయాక ఎన్నిసార్లు ఉతికి ఆరేసినా బిగుసుకోదు కదా! వయసు పైబడినవాళ్లకీ, కాన్పులైనవాళ్లకీ, సిగరెట్లు తాగేవాళ్లకీ, మరీ ఎక్కువ బరువు కోల్పోయినవాళ్లకీ చర్మం ఎక్కువ వేలాడుతుంది. పాతికేళ్ల కుర్రాడికి కొంతవరకూ సర్దుకోవచ్చు. నడక, బరువులెత్తే వ్యాయామాలూ చేయాల్సిందే. వాటివల్ల కండ బలపడి ఆకారం మెరుగవుతుంది. కానీ వేలాడే చర్మం మాత్రం దండీలు తీసినంత మాత్రాన మాయం కాదు. ఇక 'వారంలో బిగువు' అంటూ అమ్మే క్రీముల సంగతి... ఆ డబ్బుతో రెండు మంచి లంగాలు కుట్టించుకోండి. నా మాట నమ్మండి, వాటివల్లే ఎక్కువ లాభం.

ఒక్క జాగ్రత్త. దగ్గినప్పుడో, బరువెత్తినప్పుడో పొట్ట మీద ఒకచోట మాత్రమే ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చి, పడుకుంటే లోపలికి పోతోందంటే అది చర్మం కాకపోవచ్చు. హెర్నియా కావచ్చు. దానికి చీరకట్టులో చిట్కాలు వెతక్కూడదు. డాక్టరుకి చూపించాలి.

పైకి కనపడని దుస్తులే ముందు

పై బట్టల గురించి అందరూ అడుగుతారు. అసలు కథంతా లోపలే ఉంది. పొట్ట కింద మడతలో చర్మానికి చర్మం ఆనుకుని ఉంటుంది. అక్కడ గాలాడదు, చెమట ఆరదు. మన ఎండల సంగతి చెప్పేదేముంది! మేలో విజయవాడలోనో, రామగుండంలోనో ఉండేవాళ్లకి మధ్యాహ్నానికే ఆ మడత తడిసిపోతుంది. రుద్దుకుని రుద్దుకుని ఎర్రబడటం, మంట, ఆపైన ఫంగస్, దుర్వాసన... వరసగా వస్తాయి. షుగరు ఉన్నవాళ్లకి మరీను. ఎంత ఖరీదైన చీర కట్టినా లోపల మంటపుడుతుంటే ముఖంలో కళ ఉంటుందా?

కాబట్టి స్నానమయ్యాక ఆ మడతని చేత్తో పైకెత్తి, మెత్తటి తువ్వాలుతో అద్దాలి. రుద్దకూడదు. పూర్తిగా ఆరాక మాత్రమే బట్టలు. ఫ్యాను కింద రెండు నిమిషాలు నిలబడితే చాలు. బాగా చెమట పట్టేవాళ్లు పాత నూలు పంచెలోంచి చించిన మెత్తటి ముక్కని మడత మధ్యలో పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చుకోవచ్చు. హ్యాండ్‌బ్యాగులో మరో రెండు ముక్కలు పెట్టుకెళ్తే ఆఫీసులోనూ ఇబ్బంది ఉండదు. పౌడరు గుప్పిళ్లతో చల్లేయడం చాలామందికి అలవాటు. చెమటతో కలిసి అది పిండిలా ముద్దకట్టి ఇంకా ఒరిపిడి పెడుతుంది. చర్మం ఎర్రగా వేడిగా ఉన్నా, రసి కారుతున్నా, జ్వరం తగిలినా సొంత వైద్యం వద్దు.

ఇక లోదుస్తులు. చిన్న సైజు తొడుక్కోవాలన్న ఉబలాటం సహజమే. 'ఎక్సెల్ నుంచి మీడియంకి వచ్చేశాను' అని చెప్పుకోవడంలో ఉన్న సంతోషం తక్కువదేం కాదు. కానీ నడుం కిందికి దిగే చిన్న ప్యాంటీల పట్టీ సరిగ్గా ఆ మడత మధ్యలో పడుతుంది. దాంతో పొట్ట రెండుగా విడిపోయి కనిపిస్తుంది. కింద చర్మం బయటికి వేలాడుతూనే ఉంటుంది. బొడ్డు పైదాకా వచ్చే నూలు లోదుస్తులు తీసుకోండి. తొడుక్కునేటప్పుడు మడతని చేత్తో పైకెత్తి లోపలికి సర్దండి. పట్టీ బొడ్డుకి పైన, చర్మం నునుపుగా ఉన్నచోట ఆనాలి. ఇంతే కిటుకు! ఈ ఒక్కటి కుదిరితే పైన ఏది వేసుకున్నా సగం పని అయిపోయినట్టే.

పొట్టని అదిమిపెట్టే షేప్‌వేర్ గురించి చాలామంది అడుగుతుంటారు. పెళ్లికో, ఫొటోలకో మూణ్నాలుగు గంటలు వేసుకుంటే ఫర్వాలేదు. అయితే చర్మం కదలకుండా పట్టి ఉంచితే చాలు, ఊపిరాడకుండా బిగించనక్కర్లేదు. ముఖ్యంగా స్లీవ్ సర్జరీ అయినవాళ్లలో చాలామందికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉంటాయి. నడుం దగ్గర బిగుతు పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి. వేసుకుని కూర్చున్నాక అన్నం తినగలుగుతున్నారా, గట్టిగా గాలి పీల్చగలుగుతున్నారా చూసుకోండి. లేదంటే ఒక సైజు పెంచండి. కింది అంచు చుట్టుకుపోయి మడతలోకి దూరేవి అసలే వద్దు. తొడల దాకా వచ్చేవి నిలుస్తాయి. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం ఒంటికి గాలి తగలనివ్వండి.

చీర ఉండగా చింతేల

నిజానికి ఈ విషయంలో మన ఆడవాళ్లు అదృష్టవంతులు. చీరకి సైజు లేదు! 120 కిలోలప్పుడు కట్టిన గద్వాలే 70 కిలోలప్పుడూ కడతాం. మారేది జాకెట్టూ, లంగా మాత్రమే. ఇంత మారిన ఒంటికి పాత బట్ట సరిపోవడమన్నది ఇంకే దుస్తుల్లోనూ కుదరదు.

కానీ ఒక చిక్కుంది. ఇదివరకు ఐదు కుచ్చెళ్లు వచ్చే చీరకి ఇప్పుడు ఏడెనిమిది వస్తున్నాయేమిటని ఎప్పుడైనా అనుకున్నారా? నడుం చుట్టుకొలత ఒక అడుగు తగ్గిందంటే, చీర నడుం చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది కాబట్టి రెండడుగుల బట్ట మిగులుతుంది. అదంతా కుచ్చెళ్లలోకి చేరుతుంది. ఆ కట్టనంతా తీసుకెళ్లి బొడ్డు దగ్గర దోపితే... అసలే మడతలు పడిన చోట మరో దిండు కట్టినట్టే! అందుకని మిగిలిన బట్టని పైటకి వదలండి. పైట పొడవుగా, మోకాలి కిందికి దిగితే నిలువు గీతలా ఉండి చూడ్డానికీ బాగుంటుంది. కుచ్చెళ్లు కాస్త వెడల్పుగా తీసి, ఐదారుకి మించకుండా చూసుకోండి. అన్నీ ఒకేచోట ముద్దగా కాకుండా కొంచెం పరిచినట్టు దోపి లోపలివైపు పిన్నీసు పెట్టాలి. పట్టుచీరలకైతే ముందురోజే కుచ్చెళ్లు పెట్టి ఇస్త్రీ చేయించుకుంటే చదునుగా కూర్చుంటాయి.

పైట ఎడమ భుజం మీదికి వెళ్తుంది కాబట్టి నడుం కనపడేది ఎడమవైపే. వదులు చర్మం జాకెట్టు కింద నుంచి తొంగిచూసేదీ అక్కడే. పైట కింది అంచుని కొంచెం కిందికి లాగి, ఎడమ తుంటి దగ్గర లంగాకి ఒక పిన్నీసుతో పట్టించండి. పైటని ఒంటిపొరగా వదిలేయకుండా మడతలు పెట్టి భుజం దగ్గర పిన్ను పెట్టినా, కింది అంచు మాత్రం పొట్ట మీద పరుచుకోవాలి.

ఇక ఏ చీర? షిఫాన్, జార్జెట్, క్రేప్... ఒంటికి అతుక్కుపోయే గుణం ఉన్నవన్నీ లోపల ఏ గీత ఉంటే ఆ గీతని చూపించేస్తాయి. మనావిడకి గృహప్రవేశంలో జరిగింది అదే. ఇవి కట్టాలనుకుంటే లోపల నునుపైన షేప్‌వేర్ లంగా ఉండాల్సిందే. నూలుచీరలు అలా చేయవు. మంగళగిరి నూలు ఒంటికి కాస్త ఎడంగా నిలబడుతుంది. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ పైటా పట్టు కావడంతో ఇంటా బయటా పనికొస్తుంది. నారాయణపేట గళ్లు, పోచంపల్లి ఇక్కత్ నమూనాలు చూపుని ఒకచోట నిలవనివ్వవు. అయితే గంజి విషయంలో చెయ్యి జాగ్రత్త. అప్పడంలా గంజిపెట్టిన చీర పొట్ట ముందు గుడారం వేసుకుని నిలబడుతుంది. పల్చటి గంజి చాలు. రంగు సంగతికొస్తే, ముదురురంగులే కట్టాలన్న నియమం ఏం లేదు. ఇన్నాళ్లూ 'లావుగా కనిపిస్తావు' అని మానేసిన తెల్లచీరని ఇప్పుడు కట్టుకోవాలనుంటే కట్టుకోండి.

లంగా గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. సన్నటి బొందుని బిగించి ముడేస్తే వదులు చర్మంలోకి అది కత్తిలా దిగుతుంది. చీర జారుతుందేమోనన్న భయంతో ఇంకా బిగిస్తాం. నడుం మీద నల్లటి చారలు మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే. వాటిని తేలిగ్గా తీసుకోవద్దంటున్నారు డాక్టర్లు. ఏళ్ల తరబడి ఒకేచోట బిగిసిన బొందు వల్ల పుండుపడి, మానక, అక్కడ చర్మ క్యాన్సర్‌గా మారిన రెండు కేసుల గురించి 2024లో 'బీఎంజే కేస్ రిపోర్ట్స్' అనే వైద్య పత్రికలో మన దేశ వైద్యులే రాశారు. చాలా అరుదైన సంగతే, బెంగపడక్కర్లేదు. కానీ నెలల తరబడి మానని పుండు నడుం మీద ఉంటే చూపించుకోవాలి.

బొందు బదులు మూడు నాలుగంగుళాల వెడల్పు పట్టీ వేసి, పక్కన హుక్కులో జిప్పో పెట్టి కుట్టమనండి. బరువు చర్మం మీద ఒక గీతలా కాక వెడల్పుగా పడుతుంది. పట్టీని బొడ్డు పైన కట్టుకుంటే కింది మడతంతా లంగా లోపలికి వెళ్లిపోతుంది. పొట్ట దగ్గర కుచ్చులు లేకుండా, కలీలు వేసి కుట్టిన లంగా అయితే పైన చీర చదునుగా కూర్చుంటుంది. సాగే బట్టతో చేపతోక ఆకారంలో వస్తున్న రెడీమేడ్ లంగాలూ బాగానే ఉంటున్నాయి. కానీ ఎండాకాలం రోజంతా వాటిలో ఉండటం కష్టం. పూటకి సరే.

జాకెట్టు దగ్గర మరో పొరపాటు జరుగుతుంటుంది. పాతదాన్నే రెండువైపులా నాలుగంగుళాలు లోపలికి కుట్టించేస్తారు. నడుం సరిపోతుంది కానీ చంక దగ్గర బట్ట ముడుచుకుంటుంది, భుజాలు జారతాయి. అంగుళం, రెండంగుళాల తేడా అయితే ఆల్టరేషన్. అంతకు మించితే కొత్త జాకెట్టే నయం. ప్రిన్సెస్ కట్ వేయించి, పొడవు ఒకటిన్నర రెండంగుళాలు పెంచమనండి. కింది పట్టీ మాత్రం బిగుతుగా ఉండకూడదు. ఉంటే పై చర్మమంతా దాని కింద నుంచి మరో మడతగా బయటికొస్తుంది. చేతుల దగ్గరా చర్మం వదులైతే మోచేతి దాకా చేతులు పెట్టించుకోండి. ఇప్పుడది ఫ్యాషనే కాబట్టి ఎవరూ ఎందుకని అడగరు.

చుడీదార్లూ, ప్యాంట్లూ

కుర్తీ కొనేటప్పుడు రెండు కొలతలు చూసుకోండి. ఒకటి, పక్క స్లిట్టు ఎక్కడ మొదలవుతోంది? నడుం దగ్గరే మొదలైతే నడిచినప్పుడల్లా పొట్ట పక్క నుంచి బయటపడుతుంది. దాన్ని మూడు నాలుగంగుళాలు కిందికి కుట్టేయడం ఏ టైలరుకైనా ఐదు నిమిషాల పని. రెండు, కింది అంచు ఎక్కడ ఆగుతోంది? మడత ఎక్కడ బాగా ఉబ్బుగా ఉందో సరిగ్గా అక్కడే ఆగే పొట్టి కుర్తీ చూపుని అక్కడే నిలబెడుతుంది. మోకాలి దాకా పొడవుండేదే మంచిది. ఛాతీ, భుజాలు ఒంటికి సరిపడా ఉండి, అక్కడి నుంచి కింద కొద్దికొద్దిగా వెడల్పయ్యే 'ఎ' లైన్ కుర్తీలూ, అనార్కలీలూ హాయిగా ఉంటాయి.

చాలామంది చేసేదేమిటంటే, పొట్ట కనపడకూడదని రెండు సైజులు పెద్దది తొడుక్కోవడం. భుజాల దగ్గర జారిపోతూ, బట్టల్లో మనిషిని వెతుక్కోవాల్సి వస్తుంది. అంత కష్టపడి తగ్గిందీ కనపడకుండా పోతుంది. భుజం కుట్టు భుజం మీదే ఉండేలా తీసుకుని, పొట్ట దగ్గర మాత్రమే వదులుంచుకోండి.

అడుగున లెగ్గింగ్స్ అయితే మళ్లీ మొదటి సూత్రమే... పట్టీ బొడ్డు పైన. సల్వార్ నాడా పొట్ట కింద కట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. గుడ్డంతా అక్కడ పోగుపడి మడతని పైకి నెడుతుంది. ముందువైపు చదునైన పట్టీ, వెనక ఎలాస్టిక్ ఉన్న పలాజోలు సుఖం. నడకకో, జిమ్‌కో వెళ్లేటప్పుడు చర్మం ఊగుతుంటే నొప్పిగా ఉంటుంది, సిగ్గుగానూ ఉంటుంది. అప్పుడు మాత్రం పొట్టని పట్టి ఉంచే పొడవాటి బిగుతు టైట్స్, వాటిపైన వదులు టీషర్టు వేసుకోండి. ఇంటికి రాగానే మార్చేయాలి. చెమట బట్టల్లోనే కాఫీ తాగుతూ కూర్చోవద్దు.

మగవాళ్లు ఈ సంగతులు బయటికి చెప్పరు. కానీ ప్యాంటు పొట్ట కింద తొడుక్కుని, చర్మం బెల్టు మీద నుంచి జారేలా వదిలేసేది ఎక్కువగా వాళ్లే. ప్యాంటు నడుం పైకి తీసుకుని, ముందు ఒక ప్లీట్ ఉన్నది కుట్టించుకుంటే బాగుంటుంది. మెత్తటి నూలు బనియన్ పొడవుగా ఉన్నది వేసి ప్యాంటులోకి దోపితే చర్మాన్ని అది పట్టి ఉంచుతుంది. పైన చొక్కా టక్ చేయకుండా వదిలేయొచ్చు. బెల్టు గుచ్చుకుంటే భుజాల మీద నుంచి వచ్చే సస్పెండర్లు చొక్కా లోపల పెట్టుకునే మార్గం ఉంది. ఇక ఇంట్లో లుంగీని మించిన సుఖం లేదని వాళ్లకి మనం చెప్పాలా?

నిలబడి కాదు... కూర్చుని చూడండి

అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే అందరం బాగానే ఉంటాం. కొత్త బట్టలు వేసుకున్నాక కుర్చీలో కూర్చోండి. కింద పీటమీద కూర్చుని లేవండి. చెయ్యి పైకెత్తి అటక మీద డబ్బా అందుకోండి. పట్టీ జారిందా, మడత బయటికొచ్చిందా, ఎక్కడైనా కోసుకుంటోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. పెళ్లికైతే వారం ముందే ఈ రిహార్సల్ అయిపోవాలి. ముహూర్తం రోజు పొద్దున్నే కొత్త షేప్‌వేర్‌తో కుస్తీపడితే ఆ పూటంతా చికాకే.

బరువు ఇంకా తగ్గుతున్న రోజుల్లో బీరువా నింపొద్దు. రెండు మూడు నెలలకే అన్నీ వదులైపోతాయి. రోజూ వాడుకోవడానికి నాలుగు జతలు, మంచి లోదుస్తులు, సరిపోయే ఒక బ్రా... వీటిమీదే ఖర్చు పెట్టండి. కుట్టించేటప్పుడే టైలరుతో 'మళ్లీ తగ్గిస్తాను, దానికి తగ్గట్టు కుట్టు' అని చెప్పండి. కొలతలిచ్చేటప్పుడు సిగ్గుపడి పొట్ట లోపలికి పీల్చుకోవద్దు. ఆ కొలతతో కుట్టిన బట్టలు ఇంటికొచ్చాక మీరు ఊపిరి వదలగానే ఏమవుతుందో చెప్పక్కర్లేదుగా! లంగా కట్టుకుని, లోపల ఏ షేప్‌వేర్ వేసుకుంటారో అది వేసుకునే కొలతలివ్వాలి. మన చుట్టూ ఆడ టైలర్లు చాలామందే ఉన్నారు. వాళ్ల దగ్గరైతే 'నాకిక్కడ చర్మం వదులు' అని చెప్పడానికి మొహమాటం ఉండదు.

ఇంట్లోవాళ్లతో ఒక్కమాట. 'ఇంత డబ్బు పోసి ఆపరేషన్ చేయించుకుని ఇదేంటి' అనే మాట సరదాకి కూడా అనకండి. అదే మాట ఆవిడ అద్దం ముందు రోజూ తనకి తాను అనుకుంటూనే ఉంటుంది. పెళ్లికి బయల్దేరేటప్పుడు 'పైట పిన్ను పెట్టనా పిన్నీ' అని అడిగే కూతురో, తోడికోడలి కూతురో ఉంటే ఆ పెళ్లికి ఆవిడ తప్పక వెళ్తుంది. బయటివాళ్లు 'ఎన్నో నెల' అని అడిగితే మాత్రం నవ్వేసి 'నలభై ఎనిమిది కిలోలు తగ్గానండీ, అది చర్మం' అని చెప్పేయడం మేలు. ఎదుటివాళ్లే కంగారుపడి మాట మార్చేస్తారు.

ఆ చర్మం తీయించుకుంటే?

తీయించుకోవచ్చు. వేలాడే భాగాన్ని మాత్రమే తీసేది ఒక పద్ధతి. దాంతోపాటు లోపలి కండరాలు బిగించి, బొడ్డుని కొత్తచోట అమర్చే 'టమ్మీ టక్' ఇంకో పద్ధతి. ఏదైనా బరువు తగ్గడం ఆగి, కనీసం ఆర్నెల్లు నిలకడగా ఉన్నాకే. అంటే మొదటి సర్జరీ అయిన ఏడాదిన్నర ఆ ప్రాంతానికన్నమాట. ఈలోగా ప్రొటీన్, ఐరన్, బీ12 తగ్గకుండా చూసుకోవాలి. లేకపోతే గాయం సరిగ్గా మానదు. సిగరెట్ మానేయాలి. ఇది చిన్న ఆపరేషనేం కాదు. రక్తం గడ్డకట్టడం, కుట్లు విడిపోవడం లాంటి ప్రమాదాలు దీనికీ ఉన్నాయి.

ఖర్చు విషయంలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బీఎమ్ఐ 40 దాటినవాళ్లకీ, తీవ్రమైన జబ్బులతో 35 దాటినవాళ్లకీ బరువు తగ్గించే సర్జరీకి, డాక్టరు సలహా వంటి షరతులు కుదిరితే, ఆరోగ్య బీమా వర్తించే వీలుంది. చర్మం తీసే ఆపరేషన్‌ని మాత్రం సాధారణంగా అందం కోసం చేసేదిగానే లెక్కేస్తారు. ఆరోగ్యానికి ప్రత్యక్షంగా ముప్పు ఉందని, తప్పనిసరి అని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరిస్తేనే పరిశీలిస్తారు. అందుకని మడతలో వచ్చే పుండ్లకీ, ఫంగస్‌కీ డాక్టరుకి చూపించుకున్న చీటీలు, మందుల బిల్లులు పారేయకుండా తేదీల వారీగా దాచుకోండి. ఆపరేషన్‌కి ముందే బీమా కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఈ ఆపరేషన్ మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. అది ఎంత కిందికి రావాలన్నది సర్జన్ ముందుగానే పెన్నుతో గీసుకుంటారు. కాబట్టి మాట్లాడటానికి వెళ్లే రోజున, మీరు రోజూ వేసుకునే లోదుస్తులూ, చీర కిందికి కట్టే లంగా కూడా సంచిలో పెట్టుకెళ్లండి. వాటి పట్టీ ఎక్కడ ఆనుతుందో కట్టుకుని చూపిస్తే, గీత వీలైనంతవరకూ దాని కిందికి వచ్చేలా గీస్తారు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు వాళ్లిచ్చిన బిగుతు దుస్తులే వేసుకోవాలి. వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. కొత్త జాకెట్లకి కొలతలు ఆ తర్వాతే ఇవ్వండి.